ఐదు ఖాళీ గడులు

ఉర్లా ఫ్యాక్టరీలు దాటి రెండు కిలోమీటర్లు పోతే పాత ఖదాన్ ఒకటి వస్తుంది. కంకర తవ్వుకున్నన్నాళ్ళు తవ్వుకుని, ఇక రాయి లేదనగానే వదిలేసి పోయిన గొయ్యి అది. ఇరవయ్యేళ్ళ వానలకి నిండి చెరువంత అయింది. ఆదివారం పొద్దున్న రాయపూర్‌లో మగవాళ్ళకి చేసుకోవడానికి పనులు కరువా? మాంసం కొట్టు దగ్గర వరసలో నిలబడొచ్చు, పేకాడుకోవచ్చు, పెళ్ళాం నెల రోజులుగా చెబుతున్న బల్బు మార్చొచ్చు. అవన్నీ మానేసి పదముగ్గురు పెద్దమనుషులు ఆ గట్టున రిమోట్లు పట్టుకుని నిలబడి, మీటరు పొడుగు తెరచాప పడవలకి పందాలు పెట్టుకునేవాళ్ళు. సగంమంది రైల్వే వ్యాగన్ షాపువాళ్ళు, సగంమంది ఫ్యాక్టరీలవాళ్ళు. సిల్తారా ఇనుప ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి మళ్ళిందంటే తెల్లటి తెరచాపలు గంటలో బూడిదరంగు తిరిగేవి. పందానికి ముందు వాటిని తడిగుడ్డతో తుడుస్తుంటే, బడికి పంపే ముందు పిల్లల మూతులు తుడుస్తున్నట్టే ఉండేది.

ముప్ఫై ఒకటో నంబరు పడవ బంగారయ్యది. వ్యాగన్ షాపులో ఎగ్జామినరు. మరమ్మతు అయిన బండి చుట్టూ సుత్తి పట్టుకుని తిరిగి, చక్రం మీద కొట్టి చప్పుడు విని, బాగుంటే బాగుందని, లేకపోతే లేదని సుద్దముక్కతో రాసే ఉద్యోగం. ముప్ఫై మూడేళ్ళలో ఆయన బాగుందని రాసిన బండి దారిలో ఆగిందని ఎవరూ చెప్పుకోలేదు. అలాంటివాడికి పడవల పందాల స్కోరు అప్పగించడంలో వింతేముంది? యాభై ఐదేళ్ళ వయసులో కంప్యూటరు నేర్చుకుని, ఎక్సెల్‌లో సొంతంగా ఒక షీటు కట్టాడు. తను పడవ నడుపుతూ స్కోరు రాయడం కుదరదు గనక, గట్టున ప్లాస్టిక్ కుర్చీ వేసి, ల్యాప్‌టాప్ ఇచ్చి కూతురు చాందినిని కూర్చోబెట్టాడు.

చాందినికి ఇరవై ఏడేళ్ళు. సిల్తారాలో ఒక ఇనుప కంపెనీ డిస్పాచ్ ఆఫీసులో కంప్యూటరు ముందే పని. లారీ బరువు రాయాల్సిన గడి ఒక్కటి ఖాళీగా కనబడితే అన్నం సహించని మనిషి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది.

ఆ పందాల లెక్క తలకిందుల లెక్క. ఫస్టు వచ్చినవాడికి ఒకటి, సెకండుకి రెండు, అలా పదమూడోవాడికి పదమూడు. చివరికి ఎవరి మొత్తం తక్కువైతే వాడిదే గెలుపు. అసలు పందానికే రానివాడికి పద్నాలుగు పడుతుంది. వారానికి ఒక పందెం, పన్నెండు ఆదివారాలు. మనిషన్నాక ఒకటి రెండు చెడిపోతాయి గనక, అందరికీ బాగా చెడిన రెండు పందాలు తీసేసి పదే లెక్కలోకి తీసుకుంటారు. అంతే సంగతి.

బంగారయ్య ల్యాప్‌టాప్ మూత లోపల ఒక కాగితం అంటించాడు. ఆయన చేతిరాత, సుద్దతో రాసినట్టు పెద్ద పెద్ద అక్షరాలు. 'పడవ నంబరు చూసి రాయి, మనిషిని చూసి రాయకు. మొదట కాగితం మీద రాయి, తరవాత కంప్యూటరులో కొట్టు. కాగితానికి బ్యాటరీ అయిపోదు. ప్రతి ఆదివారం ఫైలు కొత్త పేరుతో దాచు, పాతదాని మీద దాచకు. వరసలు సర్దేటప్పుడు మొత్తం పట్టుకుని సర్దు. పేర్ల వరస ఒక్కటే సర్దితే ఒకడి తప్పు ఇంకొకడి నెత్తిన పడుతుంది. మొత్తాల పేజీ చివరి ఆదివారం దాకా విప్పకు. వెనకబడ్డామని తెలిస్తే జనం రావడం మానేస్తారు.' వీటన్నిటి కిందా రెండు గీతలు గీసి మరో మాట రాశాడు: 'ఖాళీ గడి వదలకు.'

ఆ చివరి మాట ఎందుకో మొదటి రోజే విడమర్చి చెప్పాడు కూడా.

"ఇలా సూడమ్మా. ఎవడైనా రానేదనుకో, ఆడి గడిలో డీఎన్‌సీ అని మూడక్షరాలు కొట్టు. పద్నాలుగు దానంతటదే పడతాది. ఏటీ రాయకుండా వదిలీసినావనుకో, కంప్యూటరు ఆడు రానేదని అనుకోదు. సున్నా అనుకుంటాది. మన లెక్కలో సున్నా అంటే ఫస్టు కంటే ఫస్టు. రానోడు రాజైపోతాడు."

"నేను ఎందుకు వదిలేస్తాను నాన్నా? నా నౌకరీయే అది కదా" అంది చాందిని.

"నువ్వు వదలవులే. నా తల్లివి" అన్నాడు బంగారయ్య.

అది రెండు వేల పద్దెనిమిది చలికాలం. ఏడు ఆదివారాలు గడిచేసరికి బంగారయ్య ఐదుసార్లు ఫస్టు, ఒకసారి సెకండు, ఒకసారి థర్డు. అంతకుముందు ఏ ఏడూ కప్పు ఆయన చేతికి రాలేదు. ఈసారి వస్తుందని ఆయనకీ తెలుసు, ఖదాన్‌లో కప్పలకీ తెలుసు.

తెలియనిది ఇంట్లో పెళ్ళాం రమణమ్మకే. ఆవిడకి ఈ పడవలంటే ఒళ్ళు మంట. ఏడో ఆదివారం ఉదయం, మోకాళ్ళ నొప్పికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమంటే, మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్తానని పడవ చంకన పెట్టుకుని పోయాడు ఆయన. మధ్యాహ్నం వచ్చేసరికి డాక్టరు వెళ్ళిపోయాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ, పెళ్ళాన్ని మంచి చేసుకుందామని, "ఫస్టొచ్చీసినానే" అన్నాడు.

"అయితే ఆ ఫస్టే వండుకు తిను" అంది రమణమ్మ.

అన్నం పెట్టింది. పెట్టకుండా ఎలా ఉంటుంది? కానీ నాలుగు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. నాలుగో రోజు గురువారం. డ్యూటీ నుంచి వస్తూ కాలనీ గేటు దగ్గర సైకిలు దిగి, గుండె పట్టుకుని కూలబడ్డాడు బంగారయ్య. ఆస్పత్రికి చేరేసరికే అయిపోయింది. రిటైరవడానికి రెండేళ్ళుంది.

ఆ తరవాత వచ్చిన ఆదివారం పందెం ఆగిపోతుందనుకున్నారు గానీ ఆగలేదు. ఆపితే బంగారయ్యకే ఇష్టముండదని క్లబ్బు సెక్రటరీ నూకరాజు అందరికీ చెప్పి, రెండు నిమిషాలు నిలబెట్టి, పందెం నడిపించాడు. ఎవరి తరవాత ఎవరో కాగితం మీద రాసి, ఫోటో తీసి చాందినికి వాట్సాప్‌లో పంపాడు. 'తొందరేం లేదమ్మా, వీలున్నప్పుడు ఎక్కించు' అని కింద రాశాడు.

ఇంటినిండా చుట్టాలు. చాందిని ల్యాప్‌టాప్ తీసుకుని పెరటి గుమ్మంలో కూర్చుంది. ఏదో ఒక పని చేతిలో ఉంటే మంచిదనిపించింది. పన్నెండు పడవల అంకెలూ కొట్టేసింది. ముప్ఫై ఒకటో నంబరు వరసలో ఎనిమిదో ఆదివారం గడి దగ్గర ఆగింది. 'డి' మీద వేలు పెట్టింది. డీఎన్‌సీ అంటే పందానికి రాలేదని. రాలేదా? రానని చెప్పాడా? నిన్నగాక మొన్న స్నానం చేయించి సాగనంపిన మనిషిని పట్టుకుని, రాలేదని గైరుహాజరు వేయడానికి చెయ్యి రాలేదు. తరవాత కొడదాంలే అనుకుని మూత వేసింది.

ఆ తరవాత వారమూ అదే తంతు. పదో ఆదివారం నుంచి తనే ఖదాన్‌కి వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. పన్నెండు పడవలు బయలుదేరేవి, పన్నెండూ వచ్చేవి. ముప్ఫై ఒకటి గడి దగ్గరికి వచ్చేసరికి, ఎక్కడినుంచో నాన్న గబగబా వచ్చి, "ఉండమ్మా, ఉండు, వస్తన్నా" అని పడవ నీళ్ళలో దింపుతాడేమోనని ఒక్క క్షణం నిజంగా అనిపించేది. పిచ్చి అని తనకే తెలుసు. తెలిసినా ఆ గడి దాటేసి ఫైలు దాచేసేది. లారీ బరువు గడి ఖాళీగా ఉంటే అన్నం సహించని పిల్ల, వరసగా ఐదు గడులు ఖాళీగా వదిలేసింది. తండ్రి రాసిన కాగితం కళ్ళెదుటే ఉంది. దాన్ని రోజూ చూసేది, చదివేది కాదు.

చివరి ఆదివారం బహుమతుల రోజు. కప్పు ఈసారి రమణమ్మ చేత ఇప్పిద్దామన్నాడు నూకరాజు. నెల మాసికం అంతకు రెండు రోజుల ముందే అయింది. మొదట రానంది ఆవిడ. తరవాత ఏమనుకుందో, "ఆయనున్నప్పుడు ఒక్కసారైనా ఎల్లనేదు. ఎల్తానులే" అంది. తెల్లచీర కొంగు నిండా కప్పుకుని, గట్టు మీద షామియానా కింద కూర్చుని, ఆ నీళ్ళవంకా ఆ పడవలవంకా బెంగగా చూసింది.

షామియానా కింద పెద్ద టీవీ పెట్టారు. చాందిని పన్నెండో ఆదివారం అంకెలు కొట్టి, ల్యాప్‌టాప్‌కి తీగ తగిలించింది. మొత్తాల పేజీ విప్పే ముచ్చట సెక్రటరీది. నూకరాజు చేతులు తుడుచుకుని వచ్చి, వేలితో ఒక్కటి నొక్కాడు.

టీవీ మీద మొదటి వరసలో పడింది: ముప్ఫై ఒకటి, బంగారయ్య, మొత్తం ఐదు. రెండో వరస: పద్దెనిమిది, ప్రేమ్‌చంద్, మొత్తం పంతొమ్మిది.

నూకరాజు కళ్ళు తుడుచుకుని, "చూశారా మా బంగారయ్యని. పోయి కూడా గెలిచాడు" అన్నాడు. చప్పట్లు మొదలయ్యాయి. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఆ నిమిషంలో బంగారయ్య నడిపిన పడవంత అందమైనది లేదు, ఆయనంత మంచివాడు లేడు. పేరు చూసినవాళ్ళే గానీ పక్కనున్న అంకె చూసినవాళ్ళు లేరు. కళ్ళలో నీళ్ళుంటే అంకెలు ఎక్కడ కనబడతాయి?

చాందినికి కనబడింది. పది పందాలు లెక్కలోకి వస్తాయి. పదింటికి పదీ ఫస్టు వచ్చినవాడికి కూడా మొత్తం పది వస్తుంది. ఐదు ఎవరికీ రాదు, దేవుడు దిగివచ్చి పడవ నడిపినా రాదు. తను ఖాళీగా వదిలిన ఐదు గడులూ కళ్ళముందు మెదిలాయి. లేచి నిలబడి చెప్పాలి. నోరు తెరిచింది. అప్పటికే నూకరాజు కప్పు తెచ్చి రమణమ్మ చేతుల్లో పెట్టాడు. ఆవిడ దాన్ని రెండు చేతులా పట్టుకుని, గుండెకి ఆనించుకుని, అందరిముందూ భోరున ఏడ్చింది. నెల రోజుల్లో ఆవిడ అలా ఏడవడం అదే మొదలు. చాందిని దొంగకి తేలు కుట్టినట్టు కూర్చుండిపోయింది.

కప్పు ఇంటికి వచ్చింది. బంగారయ్య ఫోటో పక్కన స్టూలు వేసి, దానిమీద పెట్టింది రమణమ్మ. పక్కింటి నాంచారమ్మ వస్తే చూపించింది, పాలవాడు వస్తే చూపించింది. "ఫస్టొచ్చీసినానే అన్నాడమ్మా. నాను ఏటన్నానో తెలుసా?" అని మొదలుపెట్టి, తనన్న ఆ పాడు మాట ప్రతివాళ్ళకీ తనే చెప్పి, "అయినా గెలిసీసి సూపించినాడు. నా మీద కోపం పెట్టుకోనేదు" అని ముగించేది. అలా చెప్పినప్పుడల్లా ఆవిడ ముఖం కాస్త తెరిపిన పడేది. చాందిని అది చూసేది. పొద్దున్నే మిగిలిన చద్దన్నంలో మజ్జిగ పోసుకుని తిని ఆఫీసుకి పోయేది. ఇద్దరు మనుషులకి రోజూ అంత అన్నం ఎందుకు మిగులుతోందో అడగాలనిపించేది గానీ అడిగేది కాదు. తన నోట్లోంచి ఏ మాట మొదలైనా చివరికి ఆ కప్పు దగ్గరికే వెళుతుందని భయం.

చెప్పకుండా ఉంటే ఏం పోయింది? ఎవరికీ నష్టం లేదే అని తనకి తనే సర్ది చెప్పుకుంది. అది అబద్ధం. ప్రేమ్‌చంద్‌కి నష్టం. అంతకంటే పెద్ద నష్టం తండ్రికే. నూకరాజు ఆ ఫలితాల కాగితం ఫ్రేము కట్టించి క్లబ్బు షెడ్డులో పెడతానంటున్నాడు. ఎప్పుడో ఒకప్పుడు ఎవడో ఒకడు ఆ ఐదుని చూస్తాడు. పది పందాల్లో ఐదేమిట్రా అంటాడు. కూతురు లెక్క రాసి తండ్రిని గెలిపించుకుందంటాడు. ముప్ఫై మూడేళ్ళు ఒక్క తప్పుడు బండికి బాగుందని రాయని మనిషి పేరు, గోడమీద తప్పుడు లెక్క కింద వేలాడుతుంది.

శనివారం రమణమ్మ కప్పుని పాత తువ్వాలులో చుట్టి చాందిని చేతికిచ్చింది.

"పేరు సెక్కించుకు రాయే. ఇంటిపేరుతో సహా, నిండుగా ఉండాల" అంది.

ఇక్కడే ఉంది అసలు చిక్కు. ఆ కప్పులు తయారుచేసేది, వాటిమీద పేర్లు చెక్కేది ప్రేమ్‌చందే. ఉర్లాలో ఆయనకి చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. మిగిలిపోయిన స్టీలు ముక్కలు కలిపి, అతుకు కనబడకుండా రుద్ది, ఏటా ఒక కప్పు చేసి క్లబ్బుకి ఇచ్చేవాడు. ఆయన ఛత్తీస్‌గఢ్ మనిషే. కుర్రతనంలో తెలుగు వెల్డర్లతో పనిచేసి తెలుగు పట్టుకున్నాడు. బంగారయ్యకి ప్రాణస్నేహితుడు, ఖదాన్‌లో పడవ దింపితే మాత్రం బద్ధ శత్రువు.

చాందిని స్కూటీ ఆపి లోపలికి వెళ్ళేసరికి ఆయన కళ్ళద్దాలు నుదుటికి ఎక్కించుకుని, "ఆవో నోనీ" అని కూతుర్ని పిలిచినట్టు పిలిచి స్టూలు తుడిచాడు. కప్పు చేతుల్లోకి తీసుకుని, చెక్కే మిషను తీగ గోడకి తగిలించాడు.

"ఏ పేరు కొట్టాలి, చెప్పు. హిందీలోనా, తెలుగులోనా?"

చాందినికి ఏడుపు ముంచుకొచ్చింది. "ఏ పేరూ వద్దు అంకుల్. గలతీ నాది. నాన్న గడులు నేను ఖాళీగా వదిలేశాను. ఐదు వారాలూ వదిలేశాను. కప్పు మీది" అంది.

ప్రేమ్‌చంద్ ఏమీ ఆశ్చర్యపోలేదు. మిషను పక్కన పెట్టాడు.

"నేను ఆరో క్లాసు చదివాను నోనీ. కానీ పది రేసుల్లో ఐదు రాదని తెలుసు. నా పంతొమ్మిదీ నా వేళ్ళమీదే ఉంది."

"మరి ఆరోజే ఎందుకు చెప్పలేదు?"

"భాభీజీ కప్పు అలా పట్టుకున్నాక ఏ నోటితో చెప్పమంటావు?" అన్నాడు. మిషను మళ్ళీ చేతిలోకి తీసుకుని, "రహ్‌నే దో, వదిలెయ్. ఇది నాకూ మీ నాన్నకీ మధ్య పాత లెక్క. మూడేళ్ళ కింద చివరి రేసు సంగతి విను. నువ్వప్పుడు రాలేదు. మీ నాన్న ముందున్నాడు, నేను వెనక. మలుపు దగ్గర నీళ్ళలో తేలే ఆ ఎర్ర బుడ్డి ఉంటుందే, దానికి మీ నాన్న పడవ తగిలింది. తగిలితే ఒక చుట్టు తిరగాలి, అది రూలు. ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు. తనే 'ముప్ఫై ఒకటి తగిలింది' అని గట్టిగా అరిచి, ఒక చుట్టు తిరిగాడు. అందరూ దాటిపోయారు. కప్పు నాకొచ్చింది. ఆరోజు ఆయన ఇచ్చాడు, ఈరోజు నేను ఇస్తున్నాను. బాత్ ఖతం. రా, పేరు చెప్పు" అన్నాడు.

మంచిమనసుతోనే అన్నాడు, పాపం. ఆ పిల్ల బరువు దించాలనే అన్నాడు. కానీ ఆ మాటతోనే చాందినికి తేలిపోయింది. ఎవరూ చూడని తప్పుని కేక వేసి చెప్పుకున్న మనిషి పేరు ఈ కప్పు మీద చెక్కడమంటే, ఆయన తిరిగిన ఆ చుట్టుని చెరిపేయడమే. కప్పుని మళ్ళీ తువ్వాలులో చుట్టింది.

"రేపు మళ్ళీ తెస్తాను అంకుల్. మీ పేరు చెక్కుకుందురుగాని" అంది.

ఇంటికి వచ్చేసరికి సాయంత్రం నాలుగైంది. రమణమ్మ తువ్వాలు విప్పి, కప్పు అటూ ఇటూ తిప్పి చూసింది.

"పేరేదే?"

చాందిని నేలమీద కూర్చుంది. తడబడుతూనే అంతా చెప్పింది. తక్కువ వస్తే గెలుపనే ఆ తలకిందుల లెక్క, రానివాడికి పద్నాలుగు, ఖాళీ గడి అంటే సున్నా, ప్రేమ్‌చంద్ పంతొమ్మిది, అన్నీ చెప్పింది. రమణమ్మ వింటున్నంతసేపూ కప్పు ఒళ్ళోనే ఉంది.

"అయితే గెలవనేదా?" అంది చివరికి.

"గెలవలేదమ్మా."

"ఆ ఒక్క కప్పుకీ నోచుకోనేదా ఆ మనిషి?" ఆవిడ గొంతు లేచింది. "నీకు ఆఫీసులో జీతమిచ్చేది దీనికేనా? పరాయోడి లారీలకి ఒక్క గడి మరిచిపోవు. కన్నతండ్రికి ఐదు మరిచిపోయినావా?"

"మరిచిపోలేదు."

"మరెందుకు రాయనేదే?"

చాందిని తల ఎత్తలేదు. "రాలేదని రాస్తే, ఇక రాడని నేనే ఒప్పుకున్నట్టవుతుంది కదమ్మా. వస్తాడేమోననిపించేది. ప్రతి వారమూ అనిపించేది."

రమణమ్మ వంటింటివైపు చూస్తూ చాలాసేపు కూర్చుంది. గోడమీద ఫోటోలో బంగారయ్య ఎప్పటిలాగే నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూస్తే ఆవిడకి కోపమే వచ్చిందో, జాలే వేసిందో, ఆవిడకే తెలియాలి. కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకుంది.

"ఆ మిషను తే. నా ముందే రాయి. నిజంగా ఎన్నో నంబరు వచ్చినాడో నానూ సూడాలి" అంది.

చాందిని ల్యాప్‌టాప్ తెచ్చి తల్లి పక్కన కూర్చుంది. మొత్తాలు పక్కన కనబడేలా పెట్టి, ఎనిమిదో ఆదివారం గడిలో మూడక్షరాలు కొట్టింది. బంగారయ్య పేరు మొదటి వరసలోనే ఉంది. తొమ్మిదో ఆదివారం కొట్టింది. పేరు కదల్లేదు.

"ఇదేటి, ఉన్నచోటే ఉన్నాడు?" అంది రమణమ్మ ఆశగా.

"రెండు మాఫీ అమ్మా. ఎవరికైనా రెండుసార్లు మాఫీ ఉంటుంది."

మూడోది కొట్టింది. పేరు దిగి రెండో వరసకి వచ్చింది. ప్రేమ్‌చంద్ పైకి వెళ్ళాడు. నాలుగోది కొట్టింది. పేరు ఇంకో మెట్టు దిగింది. ఐదో గడి దగ్గర ఆగిపోయింది. రమణమ్మ కూతురి వీపు మీద చెయ్యి వేసింది.

"రాయమ్మా. రానేదు కదా మరి" అంది.

చాందిని రాసింది. బంగారయ్య, మొత్తం యాభై రెండు. నాలుగో వరసలో నిలిచాడు. ఇద్దరూ ఆ వరసనే చూస్తూ ఏడ్చారు. ఎవరినీ ఎవరూ ఓదార్చలేదు.

కాసేపటికి రమణమ్మ అడిగింది. "నాలుగు ఎంతమందిలో?"

"పదముగ్గురిలో."

ఆవిడ వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. "అంటే, ఐదు వారాలు రాకుండాపోయిన మనిషి ఎనకాల, వారం వారం వచ్చినోళ్ళు తొమ్మిదిమంది ఉన్నారా?"

"ఉన్నారమ్మా."

"ఊఁ" అంది రమణమ్మ. ఆ 'ఊఁ'లో గర్వం ఉంది, దుఃఖమూ ఉంది. కప్పుని కొంగుతో శుభ్రంగా తుడిచి, తువ్వాలులో చుట్టి గుమ్మం పక్కన పెట్టింది. "రేపు నానూ వస్తాను. ఆ ప్రేమ్‌చంద్‌కి నా సేత్తోనే ఇస్తాను. ఆ నూకరాజు కాగితం కూడా మార్పించు. నాలుగే రాయించు" అంది.

చాందిని ఫైలుని కొత్త పేరుతో దాచింది. నూకరాజుకి ఫోను చేసి, తప్పు తనదేనని చెప్పి, ఫ్రేము ఆపమంది. ఆయన అటునుంచి, "బంగారయ్య కూతురివి అనిపించుకున్నావమ్మా" అని పెట్టేశాడు. ఆ మాట విన్నందుకు ఆ పిల్లకి సంతోషం కలగలేదు. తండ్రి ఇప్పుడు నిజంగా పోయాడనిపించింది.

బయట చీకటి పడుతోంది. రమణమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, వంటింట్లోకి వెళ్ళి లైటు వేసింది. బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడైంది. చాందిని గుమ్మంలో నిలబడి చూసింది. తల్లి గిన్నెలో ఒక గ్లాసు పోసింది. రెండో గ్లాసు పోసింది. అలవాటుగా మూడో గ్లాసు నిండా ముంచి, గిన్నె దాకా తెచ్చి ఆగింది.

ఆ మూడో గ్లాసు మళ్ళీ డబ్బాలోనే పోసేసింది.